ఎక్కిందల్లా సరిపోయిన బోల్టు కాదు

పాత బండిని విప్పితే కొన్ని బోల్టులు విరుగుతాయి, కొన్నిటి తలలు అరిగిపోయి పానాకు అందవు, ఎవరో ఎప్పుడో మార్చి వదిలేసినవి ఒకటి రెండు బయటపడతాయి. ఇంజను పని మనకు రాదని తెలుసు కాబట్టి అక్కడ జాగ్రత్తపడతాం. మంచి మెకానిక్కును వెతుక్కుంటాం, నలుగురిని అడుగుతాం. బోల్టు దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండదు. అంత లావుదే, అంత పొడుగుదే ఇంకోటి తెచ్చి బిగిస్తే పని తీరిందనుకుంటాం. పక్కనున్నవాళ్లు కూడా "ఏం గాదన్నా, నడుస్తది" అంటారు. వాళ్లు మన మంచికే అంటారు. నాట్లప్పుడు ట్రాక్టరు ఆగిపోతే సాయంత్రంలోగా మళ్లీ మడిలోకి దించాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది.

నంబరు ప్లేటు బోల్టు దగ్గర ఆ మాట అక్షరాలా నిజం. స్టీరింగ్ ఆర్మ్‌ను పట్టి ఉంచే బోల్టు దగ్గర అదే మాట ప్రాణం మీదికి తెస్తుంది. ఎక్కడ సర్దుకోవచ్చు, ఎక్కడ సర్దుకోకూడదు అన్న తేడా పట్టుకోవడం ఒక అలవాటు. అది పుట్టుకతో రాదు, చేత్తో నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారును మించిన పాఠశాల నాకు కనపడలేదు. ఒకే బండిలో మూడు నాలుగు రకాల మరలు కలిసి ఉంటాయి. కంటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్‌లో ఉండేవాళ్లకు స్పోర్ట్స్ కారుతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ కార్ల చుట్టాలు మన ఊళ్లకు ఎప్పుడో వచ్చాయి. ఇంగ్లండులో స్టాండర్డ్ మోటార్ కంపెనీ 1953లో ట్రయంఫ్ టీఆర్2 అనే రెండు సీట్ల కారును మార్కెట్లోకి తెచ్చింది. దాని 1991 సీసీ ఇంజను స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు ఇంజను నుంచి వచ్చింది. అదే కుటుంబపు ఇంజను, అదే కంపెనీ కోవెంట్రీలో తయారుచేసిన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టరులోనూ ఉండేది. పందెపు రోడ్డు మీద పరుగెత్తిన కారుకూ, దుక్కి దున్నిన బూడిదరంగు ట్రాక్టరుకూ గుండె ఒక్కటే. ఫెర్గూసన్ పేరు తరవాత మాస్సీతో కలిసి మాస్సీ ఫెర్గూసన్ అయింది. మద్రాసులో 1960లో మొదలైన టాఫే ఆ ట్రాక్టర్లను మన పొలాలకు తెచ్చింది. మన మాస్సీ 1035లో ఉన్నది వేరే డీజిల్ ఇంజనే. అయితే దాని బోల్టుల కొలతలు మాత్రం ఆ అంగుళాల వంశానివే.

అంబాసిడర్ సంగతి ఇంకా దగ్గరిది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన ఆ కారులో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, బ్రిటన్‌లో బీ సిరీస్ అని పేరు పడ్డ ఇంజను. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నది కూడా అదే బీ సిరీస్, అదే 1489 సీసీ. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అయితే ట్రయంఫ్ హెరాల్డే. బ్రిటన్‌లో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వచ్చినప్పుడు దాని చాసిస్‌ను హెరాల్డ్ చాసిస్‌ను కుదించే చేశారు. కాబట్టి లండన్ నుంచి తెప్పించుకోవాలేమో అని భయపడే బోల్టు, గజ్వేల్‌లో ట్రాక్టరు స్పేర్ పార్టుల దుకాణంలోనో, హైదరాబాద్‌లో పాత అంబాసిడర్ సామాన్లు అమ్మే చోటో దుమ్ము పట్టి మీ కోసం కూర్చుని ఉండవచ్చు. మీరు ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి, అంతే. నాన్నగారు వదిలివెళ్లిన హెరాల్డైనా, కొట్టంలో నిలిచిపోయిన మాస్సీ అయినా, ఎంజీ అయినా ఇక్కడ చెప్పే పద్ధతి ఒకటే.

ముందుగా ఈ మరల కుటుంబాలను పరిచయం చేసుకుందాం. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1841లో, దేశమంతటా బోల్టుల మరలు ఒకే లెక్కలో ఉండాలని ప్రతిపాదించాడు. అంతకుముందు ఏ కార్ఖానా బోల్టు ఆ కార్ఖానా నట్టుకే ఎక్కేది. ఆయన మర కోణం 55 డిగ్రీలు, శిఖరం గుండ్రం. దాన్ని బీఎస్‌డబ్ల్యూ అంటారు. అందులోనే సన్న మర కావాలనుకున్నప్పుడు బీఎస్ఎఫ్ వచ్చింది. అమెరికావాళ్లు 60 డిగ్రీల కోణంతో తమ దారిన తాము పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన దేశాల ట్యాంకులకు, విమానాలకు బోల్టులు మాత్రం ఒకరివి ఒకరికి సరిపోలేదు. ఆ అనుభవంతోనే 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి యూనిఫైడ్ మరలు ఒప్పుకున్నాయి. వాటిలో సన్నది యూఎన్ఎఫ్, లావుది యూఎన్‌సీ. బ్రిటిష్ కార్లు 1950ల్లో క్రమంగా దీనికి మారాయి. మారిన ఆ సంవత్సరాల్లో తయారైన బండిలో పాతవీ కొత్తవీ కలిసే ఉంటాయి.

మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతికి తిరిగింది. దుకాణాల్లో కిలోలు, మీటర్లు వచ్చాయి. బ్రిటిష్ కంపెనీల లైసెన్సులతో తయారైన బండ్లలో మాత్రం అంగుళాల బోల్టులు ఇంకా చాలాకాలం నడిచాయి. అందుకే ఈ రోజు హార్డ్‌వేర్ దుకాణంలో సులువుగా దొరికేది మెట్రిక్ బోల్టు, మీ పాత బండి అడిగేది అంగుళాల బోల్టు. ఈ రెంటి మధ్యే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

ఒక ఉదాహరణ నిదానంగా చూడండి. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. ఎం8 బోల్టు లావు 8 మిల్లీమీటర్లు. కంటికి తేడా దొరకదు, వేళ్లకూ దొరకదు. కానీ 5/16 యూఎన్ఎఫ్‌కు అంగుళానికి 24 మరలు. మామూలు ఎం8కు మరకు మరకు మధ్య 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి 20 చిల్లర. ఎం8ను ఆ రంధ్రంలో తిప్పితే ఒకటి రెండు చుట్లు పోయి బిగుస్తుంది. తుప్పేమో అనుకుని పానా వేసి బలంగా తిప్పితే ఇంకా లోపలికి పోతుంది. గట్టిగా పట్టుకున్నట్టే ఉంటుంది. అప్పటికి లోపలి పాత మరలు చెదిరిపోయాయి. ఆ బోల్టు విప్పిన రోజున సరైన బోల్టు తెచ్చినా పట్టదు.

దీనికి తిరగబడిన ప్రమాదం ఇంకొకటుంది. 3/8 యూఎన్‌సీ బోల్టు లావు 9.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 మరలు. దాన్ని ఎం10 నట్టులో పెడితే మరల దూరం దాదాపు కలిసినట్టే ఉంటుంది కాబట్టి వదులుగా ఎక్కుతుంది. ఎక్కడా అడ్డుపడదు. అడ్డుపడితే మనం ఆగి చూస్తాం. ఇది ఆపదు. మరల కొసలు మాత్రమే ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. పూర్తిగా బిగించేటప్పుడో, ఆరునెలల తరవాత గుంతలో పడ్డప్పుడో ఊడి వస్తుంది. నాకు ఈ రెండింటిలో మొదటిదాని కంటే రెండోదంటేనే ఎక్కువ భయం. సులువుగా ఎక్కిన ప్రతి బోల్టునూ ఇంకోసారి అనుమానించండి.

పానా కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 5/16 యూఎన్ఎఫ్ బోల్టు తల అడ్డంగా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దాని మీద కూర్చుంటుంది. పదమూడు పానా పట్టింది కాబట్టి ఇది ఎం8 అని తీర్మానించేస్తాం. పానా తల కొలతను చెబుతుంది, మర గురించి ఏమీ చెప్పదు. విట్‌వర్త్ పానాల మీద రాసే అంకె అయితే తల కొలత కూడా కాదు, బోల్టు కాడ లావు.

ఈ గందరగోళానికి పరాకాష్ఠ ఎంజీ టీసీ, టీడీ కార్లు. వాటి ఇంజను బోల్టుల తలలు విట్‌వర్త్ కొలతలో ఉంటాయి, మరలు మాత్రం మెట్రిక్. బ్రిటిష్ కారులో మెట్రిక్ మర ఎందుకొచ్చిందంటే, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి ఆయుధాల కంపెనీ కోవెంట్రీలో కార్ఖానా పెట్టింది. యంత్రాలన్నీ ఫ్రెంచి కొలతలవి. 1923లో విలియం మోరిస్ ఆ కార్ఖానాను కొని తన ఇంజన్ల విభాగంగా మార్చుకున్నాడు. యంత్రాలు మార్చడం ఖర్చు, పానాలు మార్చమంటే దేశంలోని మెకానిక్కులు ఒప్పుకోరు. అందుకే మర ఫ్రెంచిది, తల ఇంగ్లీషుది. అందులో 8 మిల్లీమీటర్ల బోల్టుకు మర దూరం 1 మిల్లీమీటరు. దుకాణంలో దొరికే ఎం8కు 1.25. మెట్రికే కదా అని తెచ్చినా ఎక్కదు. ఇంతకంటే బలంగా ఇంకేదీ నాకు ఈ సంగతి చెప్పలేదు: కంటికి కనపడే గుర్తును బట్టి ఊహించవద్దు, కొలవండి.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక వెర్నియర్, ఒక థ్రెడ్ గేజు చాలు. గేజు కొనేటప్పుడు 55 డిగ్రీల ఆకులు, 60 డిగ్రీల ఆకులు, మెట్రిక్ ఆకులు మూడూ ఉన్నదే అడగండి. ఆకును మరల మీద ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందుల్లోంచి వెలుగు రాకూడదు. గేజు లేనప్పుడు ఉక్కు స్కేలును బోల్టు పక్కన పెట్టి అర అంగుళంలో ఎన్ని శిఖరాలున్నాయో లెక్కపెట్టి రెండింతలు చేయండి. బోల్టు జిడ్డుగా ఉండి కన్ను ఆనకపోతే తెల్లకాగితం మీద ఒత్తి దొర్లించండి. గీతలు పడతాయి, వాటిని లెక్కపెట్టవచ్చు. అన్నిటికంటే నమ్మకమైనది తెలిసిన బోల్టును పక్కన పెట్టి చూడటం. రెండు బోల్టుల మరలను ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టి వెలుతురుకు పెట్టండి. ఒకే మర అయితే పొడుగునా సందు లేకుండా అతుక్కుంటాయి. వేరైతే రెండు మూడు మరల తరవాత దారి తప్పుతాయి.

పాత బోల్టును ఒకచోట కొలిచి వదలొద్దు. సాగిపోయిన బోల్టు నడుము దగ్గర సన్నబడుతుంది, అక్కడ మరలు ఎడంగా ఉంటాయి. తుప్పు పట్టని, సాగని చోట కొలిస్తే అసలు కొలత దొరుకుతుంది. పొడుగును తల కింది నుంచి కొస దాకా కొలవాలి, తలను కలపకూడదు. దాంతోపాటు మర లేని నున్నటి కాడ ఎంతుందో రాసుకోండి. ఇది చాలామంది వదిలేసే కొలత. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి జారకుండా ఆపే చోట ఆ నున్నటి కాడే బరువు మోయాలి. తలదాకా మరలున్న బోల్టు అక్కడ వేస్తే సరిగ్గా కోత పడే చోట మర లోయ ఉంటుంది. మొత్తం పొడుగు సరిపోయినా ఆ బోల్టు ఆ చోటిది కాదు.

విప్పేటప్పుడే ఈ పని సగం అయిపోవాలి. ఒక అట్టముక్క తీసుకుని వాటర్ పంపు ఆకారమో, టైమింగ్ కవరు ఆకారమో గీయండి. ఏ రంధ్రంలోంచి తీసిన బోల్టును అట్ట మీద ఆ చోటే గుచ్చండి. ఒకే కవరుకు మూడు పొడుగుల బోల్టులుండటం మామూలే. మూసుకుపోయిన రంధ్రంలో పొడుగు బోల్టు వేస్తే అడుగుకు తగిలి కవరు బిగియదు, ఇంకా తిప్పితే పోత పగులుతుంది. పొట్టి బోల్టు వేస్తే నాలుగు మరల మీదే బరువంతా పడుతుంది. ఉక్కులో అయితే బోల్టు లావంత లోతు, అల్యూమినియంలో దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు మరలు పట్టుకుని ఉండాలి. విరిగిన ముక్కలను కూడా పారేయకండి. అది తుప్పు ముక్క కాదు, మీకున్న ఏకైక సాక్ష్యం. కొత్త బోల్టు బిగించి, బండి నడిచి, అంతా సవ్యంగా ఉందని తేలేదాకా పాతది డబ్బాలో ఉండాలి.

ఇక బజారు. దౌల్తాబాద్ నుంచి మొదట గజ్వేల్, ఆ తరవాత సిద్దిపేట, అక్కడా దొరకకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్. రాణిగంజ్‌కు వెళ్లి రావడమంటే ఒక రోజు పని. కాబట్టి ఒక్క బోల్టు కోసం వెళ్లకండి. జాబితా పూర్తయ్యాకే కదలండి. ఇక్కడ దుకాణాల్లో సూత్ లెక్క నడుస్తుంది, అంగుళానికి ఎనిమిది సూత్‌లు. పావు అంగుళం రెండు సూత్‌లు, 5/16 రెండున్నర, 3/8 మూడు, 7/16 మూడున్నర, అర అంగుళం నాలుగు. ఈ భాషలో అడిగితే దుకాణదారుకు వెంటనే అర్థమవుతుంది. కానీ సూత్ లావును మాత్రమే చెబుతుంది. "రెండున్నర సూత్, బారీక్ థ్రెడ్డు" అంటే ఆయన ఇచ్చేది 24 మరల యూఎన్ఎఫ్ కావచ్చు, 22 మరల బీఎస్ఎఫ్ కావచ్చు. కాబట్టి మరల అంకె కూడా చెప్పండి: "అంగుళానికి ఇరవై నాలుగు." పాత బోల్టుతోపాటు దాని నట్టును కూడా తీసుకెళ్లి అక్కడే ఎక్కించి చూసుకోండి.

నేను అందరికీ చెప్పే ఒక చిన్న ఏర్పాటుంది. యూఎన్ఎఫ్‌లో పావు, 5/16, 3/8, 7/16 కొలతల కొత్త నట్టులు ఒక్కోటి కొని, ఒక తీగకు గుచ్చి, ప్రతిదానికీ చీటీ కట్టండి. పక్కనే ఎం6, ఎం8, ఎం10 నట్టులు ఇంకో తీగకు. ఇక ఎక్కడ ఏ బోల్టు చేతికొచ్చినా వేళ్లతోనే తేల్చుకోవచ్చు. సరైన నట్టు బోల్టు మీద మొదటి మర నుంచి చివరి మర దాకా వేళ్లతోనే పోవాలి, కదిపితే ఊగకూడదు. చేత్తో కనీసం నాలుగైదు చుట్లు పోని దేనిమీదా పానా పెట్టొద్దు. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలా ఇంజను బ్లాకులు బతుకుతాయి.

బ్రిటిష్ లేలాండ్ కాలపు పార్టుల కేటలాగు మీకు దొరికితే అందులోని నంబర్లే కొలత చెబుతాయి. బీహెచ్ 605101 అని ఉందనుకోండి. బీహెచ్ అంటే కాడ ఉన్న బోల్టు, ఎస్‌హెచ్ అయితే తలదాకా మరలున్నది. 05 అంటే అంగుళంలో పదహారో వంతులు ఐదు, అంటే 5/16. ఆ తరవాతి 10 అంటే ఎనిమిదో వంతులు పది, అంటే అంగుళంపావు పొడుగు. ఇది తెలిశాక కేటలాగును పట్టుకుని ఇంట్లో కూర్చునే రాణిగంజ్ జాబితా రాసుకోవచ్చు. కార్బురేటరు, లూకాస్ కంపెనీ కరెంటు సామాన్ల దగ్గర చిన్న స్క్రూలు బీఏ అనే మరో రకం. వాటి మర కోణం 47.5 డిగ్రీలు. అవి విప్పితే పోగొట్టుకోకుండా విడిగా దాచుకోండి, మన బజార్లలో తొందరగా దొరకవు.

మర కుదిరింది, పొడుగు కుదిరింది. ఇంకా సగమే అయింది. బలం చూడాలి. బోల్టు తల మీద 8.8 అని ఉంటే మొదటి అంకె తెగే బలం, చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు. రెండో అంకె, అందులో 80 శాతం దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. గేటుకు, రేకుల షెడ్డుకు వాడే మామూలు 4.6 రకంతో పోల్చి చూడండి. 8 మిల్లీమీటర్ల 8.8 బోల్టు సాగకుండా దాదాపు 2 టన్నులు ఆపగలదు. అదే లావు 4.6 బోల్టు 800 కిలోల దగ్గరే చేతులెత్తేస్తుంది. అంగుళాల బోల్టుల మీద ఈ అంకెలకు బదులు గీతలుంటాయి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, దాదాపు 8.8తో సమానం. ఆరు గీతలుంటే గ్రేడ్ 8. బ్రిటిష్ బోల్టుల తల మీద ఆర్, ఎస్, టీ లాంటి అక్షరాలుంటాయి. యూనిఫైడ్ మర అని తెలియడానికి తల మీద గుండ్రటి పల్లమో, పక్క పలక మీద వరసగా సున్నాలో ఉంటాయి. తల మీద ఏ గుర్తూ లేని బోల్టును స్టీరింగు, బ్రేకు, సస్పెన్షన్, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరికి రానివ్వకండి. ఎంత కొత్తదైనా, ఎంత మెరుస్తున్నా సరే.

మెరుపు గురించి ఇంకో మాట. పాత బండి అందంగా కనపడాలని అన్నీ స్టీలు బోల్టులే వేయిస్తామనేవాళ్లు చాలామంది. తుప్పు పట్టని ఆ స్టీలులో మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 కంటే బలం తక్కువ. పైగా స్టీలు నట్టు స్టీలు బోల్టు మీద బిగిస్తుండగానే అతుక్కుపోయి, విప్పబోతే విరుగుతుంది. రేకుల మీద, బాడీ మీద వేసుకోండి, బాగుంటుంది. బరువు మోసే చోట వద్దు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పాతవాళ్లు ఇత్తడి నట్టులు వేసింది ఊరికే కాదు. ఎంత వేడెక్కినా ఇత్తడి, ఉక్కు స్టడ్డుకు పట్టేయదు. అక్కడ ఇత్తడే తిరిగి వేయండి. అలాగే 10.9, 12.9 లాంటి గట్టి బోల్టులకు తెలియని చోట యాసిడ్‌లో ముంచి కొత్తగా పూత వేయించకండి. ఆ పనిలో హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడుతుంది. సరిగ్గా వేడిచేసి దాన్ని వెళ్లగొట్టకపోతే బిగించిన కొన్ని గంటలకో రోజులకో, ఏ దెబ్బా తగలకుండానే, బోల్టు పుటుక్కుమంటుంది.

"దొరక్కపోతే లేతు మీద చేయిద్దాం" అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. మన టర్నర్ల చేతి పని మీద నాకు చాలా గౌరవం. అంగుళానికి ఎన్ని మరలు కావాలన్నా కోసి ఇవ్వగలరు. సమస్య ఉక్కుతో. చేతికందిన కడ్డీ ఏ రకం ఉక్కో ఎవరికీ తెలియదు. కంపెనీ బోల్టు మరను కొయ్యరు, రోలర్ల మధ్య ఒత్తి దొర్లిస్తారు. ఒత్తినప్పుడు ఉక్కు పోగులు మర వెంట ఒంగుతాయి, కోసినప్పుడు తెగుతాయి. అలసటకు ముందు లొంగేది కోసిన మరే. స్పేసర్లు, బానెట్ బోల్టులు నిశ్చింతగా లేతు మీద చేయించుకోండి. బ్రేకు కాలిపర్ బోల్టు మాత్రం కొనాల్సిందే, నెల ఆగైనా సరే.

మనుషులతో ఎలా మెలగాలన్నది ఇందులో అన్నిటికంటే కష్టం. మీరు కొలతలు, గేజులు పట్టుకుని కూర్చుంటే ముప్పై ఏళ్లుగా పానా పట్టిన మెకానిక్కుకు చిన్నతనంగా అనిపించవచ్చు. "ఎనిమిది ఎంఎం ట్యాప్ కొట్టేద్దాం, లొల్లి ఒడుస్తది" అని ఆయన అన్నప్పుడు మీరు పుస్తకంలో చదివింది చెబితే ఎదురు మాట్లాడినట్టవుతుంది. చెప్పడం మానేసి చూపించమని అడగండి. "అన్నా, ఇది చేత్తోని ఎంత దాంక పోతదో ఒకసారి చూద్దామా?" అనండి. రెండు చుట్లకే ఆగిన బోల్టును ఆయనే మీకంటే ముందు గుర్తిస్తాడు. తనకు తెలిసిన పాత మాస్సీ బోల్టుల డబ్బాను ఎక్కడి నుంచో తీసుకొచ్చేది కూడా ఆయనే. నిజంగా అనుభవమున్నవాళ్లకు కొలత అంటే చిరాకు ఉండదు, తొందరపెట్టినప్పుడే చిరాకు వస్తుంది. అందుకే బండిని అప్పజెప్పేటప్పుడే "ఆగైనా సరే, అసలు బోల్టే వేద్దాం" అని చెప్పి, ఆగిన రోజులకు కూలి ఇవ్వండి. ఆయన మీద గడువు రుద్ది, నాణ్యత కూడా ఆయన్నే అడగడం న్యాయం కాదు.

ట్యాప్ సంగతి చెప్పాను కాబట్టి పూర్తి చేస్తాను. 5/16 రంధ్రంలో ఎం8 ట్యాప్ తిప్పితే కొత్త మర పాత మరను అడ్డంగా కోస్తుంది. మిగిలేది రెండూ కాని గరుకు గోడ. మర నిజంగా పాడైపోయి ఉంటే రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, హెలికాయిల్ అనే తీగ చుట్టను దించి, అసలు 5/16 యూఎన్ఎఫ్ మరనే మళ్లీ నిలబెట్టవచ్చు. అల్యూమినియం హెడ్డులో అది పాత మర కంటే గట్టిగా ఉంటుంది. రేపు ఈ బండిని విప్పేవాళ్లకు కూడా అక్కడ ఉండాల్సిన బోల్టే కనపడుతుంది. నేను దీన్ని మర్యాద కింద లెక్కేస్తాను. మనకంటే ముందు ఎవరో మార్చి, చెప్పకుండా పోయిన ఒక్క బోల్టు మనల్ని ఎంత తిప్పలు పెట్టిందో గుర్తుంటే, మన తరవాత వచ్చేవాళ్లకు అదే పని చేయబుద్ధి కాదు.

విరిగిన స్టడ్డు తీసేటప్పుడు మాత్రం వేగం పూర్తిగా మరచిపోండి. రాత్రి నూనె పోసి వదిలేయండి, పొద్దున సుత్తితో మెల్లగా తట్టండి, మళ్లీ పోయండి. తరవాత చుట్టూ ఉన్న పోతను వేడిచేసి అటూ ఇటూ పావు చుట్టు కదపండి. అప్పటికీ రాకపోతే దాని మీద ఒక నట్టు పెట్టి లోపల వెల్డింగు చేయించండి. ఆ వేడికే చాలావరకు పట్టు వదులుతుంది. పెట్రోలు ట్యాంకు, గొట్టాలు దగ్గర్లో ఉంటే ముందు అవి విప్పి దూరంగా పెట్టాకే మంట పట్టుకోవాలి.

దొరకని బోల్టు కోసం ఎదురుచూస్తూ పని మొత్తం ఆపేసేవాళ్లు చివరికి విసుగెత్తి ఏదో ఒకటి ఎక్కిస్తారు. ఆ విసుగును ముందే ఊహించి దారి చూసుకోవాలి. షెడ్డు గోడ మీద ఒక కాగితం అంటించి మూడు వరసలు రాయండి: తప్పకుండా అసలుదే కావాల్సినవి, అదే బలం ఉంటే చాలనుకున్నవి, ఏదైనా పరవాలేదనుకున్నవి. స్టీరింగు, బ్రేకులు, చక్రాలు, సస్పెన్షన్, కనెక్టింగ్ రాడ్లు, ఫ్లైవీలు, సీట్లు, సీటుబెల్టులు మొదటి వరసలో. వాటర్ పంపు, కవర్లు, డైనమో రెండో వరసలో. మడ్‌గార్డులు, నంబరు ప్లేటు, లోపలి అట్టలు మూడో వరసలో. ముందు ఈ కాగితం రాస్తే, తొందరలో ఉన్న రోజున మీ బదులు అది నిర్ణయం తీసుకుంటుంది. మొదటి వరసలో ఒక బోల్టు రావాల్సి ఉందా, ఈలోపు మూడో వరస పని చేసుకోండి.

బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడండి. బుక్కులో ఇచ్చిన అంకె పొడి మరకా, నూనె రాసిన మరకా అని చూసుకోండి. నూనె రాసినదాన్ని పొడి అంకెకు బిగిస్తే బోల్టు మీద పడే లాగుడు చాలా పెరుగుతుంది. ఒకసారి విప్పిన స్ప్లిట్ పిన్నును మళ్లీ వాడొద్దు, నైలాన్ నట్టును కూడా. బాల్ జాయింట్ల దగ్గర గళ్ల నట్టు, రంధ్రానికి ఎదురుగా రాకపోతే వెనక్కి వదలకుండా తరవాతి గంటు దాకా బిగించి పిన్ను వేయండి. బిగించిన ప్రతి బోల్టు తల నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక సన్నటి పెయింటు గీత గీయండి. బండి తిరగడం మొదలయ్యాక, చేగుంట దాకానో దుబ్బాక దాకానో పోయి వచ్చిన మొదటి రోజు సాయంత్రం, ఇంజను చల్లారాక, టార్చి పట్టుకుని బండి కిందికి దూరి ఆ గీతలన్నీ చూడండి. విరిగిన గీత కనపడితే ఆ బోల్టును ఊరికే మళ్లీ బిగించి వదలకండి. విప్పి బయటికి తీయండి, మర చూడండి, మళ్లీ కొలవండి.